మేలట్టూరు వీథిలో తెలుగు నాటకము

తంజావూరు మండలమున మేలట్టూరు అను చిన్న యూరు కలదు. మన పూర్వులు దీనిని మెరట్టూరనియు వ్రాసిరి. పగటివేళ ఆ వీథులలో తిరిగినచో మన చెవికి అరవము తప్ప వేరు భాష సోకదు. అంగడివాడు అరవము, బావికడ స్త్రీలు అరవము, గోడలమీది ప్రకటనలు అరవము. అయినను ఏటేట వైశాఖ శుద్ధ చతుర్దశి, అనగా నరసింహ జయంతి, వచ్చుసరికి ఆ యూరి వరదరాజస్వామి కోవెల యెదుటి వీథిలో తెల్లవారులు తెలుగు పాటయు, తెలుగు పద్యమును, తెలుగు మాటయు మ్రోగును. పాడువారిలో ననేకులకు ఇంటిభాష అరవమే. వినువారిలో పెక్కుమందికి ఆ మాటల యర్థము తెలియదు. నడుమ నడుమ నెన్ని యాటంకములు వచ్చినను, వీరందరును కూడి యొక తెలుగు కవి రచించిన నాటకములను సుమారు రెండు వందల యేండ్లుగా కాపాడుకొనుచున్నారు. ఆ కవి వేంకటరామశాస్త్రి. మన పాఠ్యపుస్తకములలో ఆయన తరచు కానరాడు. ఆయనను చూడగోరువారు ఆ వీథికే పోవలెను. అందుచేత మేమును పోయితిమి.

తంజావూరు రైలుస్టేషనులో దిగి బస్సెక్కినచో గంటలోపుగా మేలట్టూరు చేరవచ్చును. దారి పొడవునను కావేరి కాలువలు, కొబ్బరితోటలు, వరిపొలములు. అయితే మేము పోయినది మండు వేసవి. మేట్టూరు ఆనకట్ట నీరు సాధారణముగా జూను నెలలోగాని వదలరు. కాబట్టి కాలువలలో ఇసుకయు, పొలములలో కోసిన వరి మోళ్లును మాత్రమే కనబడినవి. సేద్యమునకు విరామమైన ఆ దినములలో నాటకములు జరుగుట యూరివారికి సదుపాయమే. ధాన్యము ఇల్లు చేరినది, క్రొత్త నాట్లు ఇంకను రాలేదు, పిల్లలకు బడులు లేవు, పట్టణములలో ఉద్యోగములు చేయు బంధువులకు సెలవులు దొరకును.

సోదరీమణులారా! అరవదేశపు నడుమ నీ తెలుగు ఎట్లు వచ్చినదని మీరడుగవచ్చును. 1565లో విజయనగర సామ్రాజ్యము దెబ్బతినిన పిమ్మట పండితులు, గాయకులు, నర్తకులు ఆశ్రయము వెదకికొనుచు దక్షిణమునకు తరలిపోయిరి. అప్పుడు తంజావూరును తెలుగు నాయకరాజు అచ్యుతప్ప నాయకుడు పాలించుచుండెను. ఆయన 510 బ్రాహ్మణ కుటుంబములకు ఇండ్లును భూములును దానముచేసి యీ యగ్రహారమును నిలిపెననియు, అందుచేతనే దీనికి అచ్యుతపురమను పేరు వచ్చెననియు ఊరివారు చెప్పుకొందురు. ఆ వచ్చినవారిలో కూచిపూడి భాగవతులును కలరని యొక ప్రతీతి.

అచ్యుతప్ప తరువాత పాలించిన రఘునాథ నాయకుడును, ఆయన కుమారుడు విజయరాఘవ నాయకుడును తాము స్వయముగా తెలుగు కవులు. వారి కొలువులో యక్షగానము రాజభోగ మనుభవించినది. ఇక్కడ స్త్రీలమగు మనము మరువరాని పేరొకటి కలదు. విజయరాఘవుని యాస్థానమున పసుపులేటి రంగాజమ్మ యను విదుషి మన్నారుదాస విలాసమను నాటకమును, ఉషాపరిణయమను కావ్యమును తెలుగులో రచించినది. 1673లో నాయకరాజ్యము కూలిపోయి మహారాష్ట్రులు వచ్చినను తెలుగునకు గౌరవము తగ్గలేదు. 1684 మొదలు 1712 వరకు పాలించిన శాహజీ మహారాజు మరాఠీ యింటివాడయ్యును తెలుగున యక్షగానములు వ్రాసెను. ఇట్లు రాజులు మారినను, రాజుల భాష మారినను, తంజావూరి రంగస్థలమునకు తెలుగే భాషగా నిలిచెను. మేలట్టూరు నాటకములు ఆ పెద్ద చెట్టునకు చివర పూసిన కొమ్మ.

వేంకటరామశాస్త్రి 18వ శతాబ్ది చివరను, 19వ శతాబ్ది తొలినాళ్లలోను జీవించెను. త్యాగరాజస్వామికి ఆయన సమకాలికుడు, వయస్సున కొంత పెద్ద. ఆయన తండ్రి గోపాలకృష్ణశాస్త్రియు పండితుడే. తిరువయ్యారును మేలట్టూరును దూరపు టూళ్లు కావు. త్యాగరాజస్వామి ప్రహ్లాదభక్తివిజయము, నౌకాచరిత్రము అను సంగీత నాటకములను రచించుటకు ఈ భాగవతుల యాటలు కొంత ప్రేరణమని పెద్దలందురు. భరతనాట్యము నేర్చిన మన యాడుబిడ్డలు హుసేని రాగమున నొక స్వరజతి నాడుదురుగదా, దాని సాహిత్యము శాస్త్రిగారిదేయని సంగీతజ్ఞులు చెప్పుదురు.

ఆయన రచించిన నాటకములలో ప్రహ్లాదచరిత్రము, ఉషాపరిణయము, హరిశ్చంద్ర, రుక్మాంగద, మార్కండేయ, సీతాకల్యాణము, రుక్మిణీకల్యాణము, కంసవధ మొదలగునవి ప్రసిద్ధములు. కథలు క్రొత్తవి కావు. మన యమ్మమ్మలు చెప్పినవే. అయితే కథను పాటగా, పాటను నడకగా, నడకను అభినయముగా కట్టుటలో శాస్త్రిగారి నేర్పు కలదు. ప్రతి ముఖ్యపాత్రయు తన ప్రవేశదరువుతో వచ్చును. ఆ దరువులో ఆ పాత్ర యెవరు, ఎట్టి స్వభావము కలది, ఏ యవస్థలో నున్నది అనునది రాగమువలనను, నడకవలనను, మాటవలనను ఒక్కమారే తెలిసిపోవును. తరువాత ఇద్దరు పాత్రలు పాటలోనే వాదించుకొందురు, దానిని సంవాదదరువందురు. నడుమ కందములు, ద్విపదలు, చూర్ణికలు, వచనము. పాడువారు వెనుక నిలువగా, నటులు తామును పాడుచు ఆడుదురు.

మేము బస చేసిన యిల్లు నాటకములాడు వారి బంధువులది. ఇంటి యజమానురాలిని ఆ యూరి వాడుక ననుసరించి మామిగారని పిలిచితిమి. ఉదయము నుండియే ఆ యింట అలికిడి. వాకిలి కడిగి బియ్యపుపిండితో పెద్ద ముగ్గు పెట్టిరి. నరసింహస్వామికి నైవేద్యమునకై పానకము కలిపిరి. పరయూళ్ల నుండి వచ్చిన చుట్టములకు పొయ్యి ఆరకుండ వంట. ఇక మగవారి గదిలో చూచితిమిగదా, అద్దముల యెదుట కూర్చుండి యొకరు సవరములు సరిచూచుకొనుచున్నారు, ఒకరు వడ్డాణము బిగించి చూచుకొనుచున్నారు, ఒకరు చీర కుచ్చెళ్లు కొలుచుకొనుచున్నారు. ఈ రంగమున ఆడవేషములన్నియు మగవారే వేయుదురు. లీలావతియు మగవాడే, ఉషయు మగవాడే, చంద్రమతియు మగవాడే. ఇది నేటికిని మారలేదు.

సంధ్య దాటిన పిమ్మట వరదరాజస్వామి ఉత్సవమూర్తిని కోవెలనుండి తెచ్చి రంగమున కెదురుగా నిలుపుదురు. స్వామి మొదటి ప్రేక్షకుడు. ఆయన చూచుచుండగా నాడుదురు. మనము ఆయన ప్రక్కన కూర్చుండి చూతుము. ఈ యేర్పాటు తెలిసినగాని యిక్కడి నాటకమును తెలిసికొనలేము. మద్దెలయు తాళమును మ్రోగగానే ముందుగా కోణంగి వచ్చును. కోణంగి యనగా హాస్యగాడు; వాడు గంతులు వేసి జనమును నవ్వించి సద్దుమణచును. తరువాత తోడయమంగళము. పిమ్మట గణపతి. ఏనుగుమొగము ధరించిన చిన్న బాలుడు తప్పటడుగులతో వచ్చి ఆడి దీవించిపోవును. పిల్లలకు ఈ వేషము వేయింతుమని తల్లిదండ్రులు మ్రొక్కుకొందురు. మేము చూచిన గణపతికి ఆరేండ్లుండును. ముసుగులోనుండి వాని కన్నులు తల్లి యెక్కడ నున్నదాయని జనములో వెదకుచుండినవి.

ఆ రాత్రి ప్రహ్లాదచరిత్రము. హిరణ్యకశిపుడు సభ తీర్చినది మొదలు కథ మనకు తెలిసినదే. అయితే మేము ఆ నాటకమున క్రొత్తగా గ్రహించినది లీలావతి పాత్ర. మనము ప్రహ్లాదుని కథ చెప్పునప్పుడు తండ్రి యొకవైపు, కొడుకొకవైపు, నడుమ శ్రీహరి. తల్లిని తలచుకొనువారు తక్కువ. శాస్త్రిగారు తలచుకొనిరి. కొడుకునకు విషము నీచేతితోనే యిమ్మని భర్త యాజ్ఞాపించును. ఒకప్రక్క పతి మాట దాటరాని ధర్మము, ఒకప్రక్క కడుపుతీపి. ఆ తల్లి యెటు పోవలెను? ఆ ఘట్టమున పాట మెల్లమెల్లగా సాగును. తాళము తొందరపెట్టదు. పాత్ర చేతబట్టి కొడుకువైపు రెండడుగులు వేయును, మరల నిలిచిపోవును. ఆ యిరువురి నడుమనున్న నాలుగు మూరల నేల దాటుటకు ఆమెకు అరగంట పట్టినట్లుండెను. మా ప్రక్కనున్న వృద్ధురాలికి తెలుగు ఒక్క ముక్క రాదు. ఆమె కొంగుతో కన్నులొత్తుకొనుచుండెను.

తెల్లవారుజామున నరసింహస్వామి వెడలును. ఆ స్వామి మొగమును మామూలుగా నాటక సామగ్రితో కలిపి యుంచరు. అది కోవెలలో పూజలందుకొనునది. దానిని ధరించువాడు ఆ దినమంతయు ఉపవాసముండును. మొగము తగిలించుకొనిన వెంటనే ఆయన ఒడలు కంపించును. ముందునకు దూకకుండ నలుగురు పట్టుకొని యుందురు. అప్పుడు జనమంతయు లేచి నిలుచుండి కర్పూరహారతు లిచ్చును. అంతవరకు ఆటగానున్నది ఆ క్షణమున పూజ యగును. నాటకము ముగిసిన పిమ్మట స్వామి వీథులలో మెరవణి వెడలగా, ఇంటింటివారును వాకిళ్ల యెదుట కాచుకొనియుండి హారతి యిత్తురు. తరువాతి రాత్రులలో తక్కిన నాటకములు జరుగును.

మరునాడు మధ్యాహ్నము మేము కొందరితో ముచ్చటించితిమి. మొదట నొక వృద్ధ నటుడు. బాల్యమున గణపతియై రంగమెక్కిన ఆయన తరువాత ప్రహ్లాదుడై, యౌవనమున ఆడువేషములు ధరించి, వయస్సు మళ్లిన పిమ్మట పాటకును బోధనకును దిగెనట. ఒక మనుష్యుని జీవితమే యీ నాటకములోని పాత్రల వరుసగా సాగిపోవుట మాకు వింతగా తోచినది. స్త్రీ వేషము వేయునప్పుడు ఏమి తలచుకొందురని యడిగితిమి. నడకయు చూపును గురువు నేర్పినవేగాని, ఏడ్పు మాత్రము తన తల్లియొద్ద చూచి నేర్చుకొన్నదని ఆయన చెప్పెను. మేలట్టూరు నటులలో ఎస్. నటరాజన్ గారు లీలావతి, చంద్రమతి మొదలగు స్త్రీ పాత్రలవలన దేశమంతట ఖ్యాతినొందిరి. ఆ మార్గమున నడచిన వారందరును ఇట్లే చూచి, విని, మనసున నిలుపుకొని నేర్చుకొన్నవారే.

తెలుగు మాటలు తప్పులేక పలుకుట యెట్లని మేమడిగినప్పుడు ఆయన తన వ్రాతపుస్తకము చూపెను. తెలుగు పాట, అరవ లిపి. ఇందులో నొక చిక్కు కలదు. అరవమున క, ఖ, గ, ఘ అను నాలుగింటికిని ఒక్కటే యక్షరము. గజము కజము కావచ్చును, భక్తి పక్తి కావచ్చును. అందుచేత అక్షరముప్రక్కన చిన్న యంకెలు వేసి యే పలుకో గుర్తు చేసికొందురు. కొన్ని చోట్ల గ్రంథలిపి యక్షరములు చేర్తురు. అంకెలు కూడ చాలవు. చివరకు గురువు నోటి నుండి శిష్యుని చెవికి రావలసినదే. ఒక్క తరము చెప్పుట మానినచో పుస్తకము మిగిలినను పలుకు మిగులదు. ఈ మాట ఆయన వ్యసనముతోగాక, వంటలో ఉప్పు పాలు చెప్పినంత మామూలుగా చెప్పెను.

తరువాత నొక యువకుడు. చెన్నపట్టణమున కంప్యూటరు సంస్థలో పనిచేయుచున్నాడు. ఏడాదికి దొరకు సెలవులలో సగము ఈ రాత్రులకే పోవునట. పాటలను టెలిఫోనులో నింపుకొని, రైలులో వల్లించుకొనుచు వచ్చును. తన మాటల యర్థము పూర్తిగా తెలియునా యని యడిగితిమి. కథ తెలియును, భావము తెలియును, మాటకు మాట యర్థము సగము తెలియునని నిజము చెప్పెను. తెలుగు చదువు నేర్వవలెనని ఆశ కలదట. నేర్పువారు చేరువలో లేరు.

మూడవది మా మామిగారు. ఆమె కోడలై వచ్చి నలుబదియేండ్లు. ఒక్క దినమును రంగమెక్కలేదు. అయినను వంటయింట పప్పు కడుగుచు ఆమె కూనిరాగము తీయగా వింటిమి. అది ముందురాత్రి విన్న లీలావతి దరువే. ఇంటిలో అభ్యాసము జరుగునప్పుడు వినివిని ఆమెకు నాటకములన్నియు కంఠస్థములట. మగవారు మాట మరచినప్పుడు లోపలినుండి అందించునది ఆమె. మీకు ఆడవలెనని యెన్నడును తోచలేదా యని యడుగగా, నవ్వి, ఆ ప్రశ్న తన మనుమరాలడిగినదని చెప్పెను. ఆ పిల్ల తంజావూరులో భరతనాట్యము నేర్చుకొనుచున్నది. తాతయు తండ్రియు ఆడిన రంగమున తానేల ఆడగూడదని యామె యడిగినదట. మామిగారేమి చెప్పిరో మాకు చెప్పలేదు. పప్పు పొయ్యిమీద పెట్టి మాకు మజ్జిగ యిచ్చిరి.

ఈ ప్రశ్నకు ఆ యూరి వెలుపల కొంత సమాధానము దొరకినది. దానిని చెప్పుటకు ముందు, ఈ కళ ఒకప్పుడు అణగిపోవు స్థితికి వచ్చిన సంగతి చెప్పవలెను. 20వ శతాబ్ది తొలినాళ్లలో అగ్రహారపు యువకులు ఇంగ్లీషు చదువులకును ఉద్యోగములకును పట్టణములు చేరిరి. భూముల రాబడి తగ్గెను. ఆడినను చూచువారు తక్కువైరి. ఆ కాలమున మేలట్టూరు నటేశయ్యర్ గారు శ్రమపడి యాటను నిలువబెట్టిరి. ఆయనయొద్ద అభినయము నేర్చుకొన్న ఇ. కృష్ణయ్యర్ అను న్యాయవాది ఈ కథలో ముఖ్యుడు. 1897లో పుట్టి 1968 వరకు జీవించిన ఆ దేశభక్తుడు, నాట్యమనిన లోకము ముఖము త్రిప్పుకొను దినములలో తానే స్త్రీ వేషము ధరించి సభలలో నాడి, దాని గౌరవమును నిలుపుటకు పాటుపడెను. 1930వ దశకమున మేలట్టూరి బాలు భాగవతులు మొదలగు స్థానికుల కృషియు ఆయన ప్రోత్సాహమును కలిసి, క్షీణించిన నాటకములు మరల నడచినవి. తరువాత ఆ చిన్నయూరిలోనే రెండు బృందము లేర్పడినవి. ఏకముగా నున్నచో బాగుండెడిదని కొందరందురు. రెండు చోట్ల దీపము వెలిగినచో ఒకటి ఆరినను రెండవది యుండునని మరికొందరందురు.

ఇక ఆడువారి సంగతి. 1936లో చెన్నపట్టణమున కళాక్షేత్రమును స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ ఈ నాటకముల గొప్పదనమును గుర్తించెను. మేలట్టూరు భాగవతుల తోడ్పాటుతో ఉషాపరిణయము, రుక్మాంగదచరిత్రము, ధ్రువచరిత్రము మొదలగు వానిని తన సంస్థ రంగముపైకి తెచ్చెను. సాహిత్యము పాతదే; ఏర్పాటు క్రొత్తది. తెల్లవారులు సాగు ఆట రెండు మూడు గంటలకు కుదిరెను. దుస్తులు, రంగాలంకారము, దీపముల వెలుగు అన్నియు చక్కదిద్దబడినవి. అన్నిటికంటె ముఖ్యముగా, స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించిరి. ఉష కలలో ప్రియుని చూచి మేలుకొని తడబడుట, చెలికత్తె చిత్రరేఖ లోకములోని యువరాజుల బొమ్మలన్నియు గీసి చూపుట, ఒక బొమ్మ యెదుట ఉష కన్నులు నిలిచిపోవుట, ఇవన్నియు ఇద్దరు కన్నెల నడుమ జరుగు సంగతులు. వానిని ఇద్దరు కన్నెలే ఆడగా చూచుట ఒక సొగసు. రంగాజమ్మ యేనాడో కావ్యముగా వ్రాసిన యుష, వేంకటరామశాస్త్రి నాటకముగుండ నడచి, తుదకు ఆడువారి దేహమునే చేరెనని మాకు తోచినది.

మన కూచిపూడిలోను ఇట్టి మార్పే జరిగినది. సిద్ధేంద్రయోగి భామాకలాపమున సత్యభామ వేషము బ్రాహ్మణ బాలురకే పరిమితమై యుండెను. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారి వంటి గురువులు ఆడువారికి విద్య నేర్పిరి. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసున కూచిపూడి ఆర్టు అకాడమీ స్థాపించి ఎందరో బాలికలను తీర్చిదిద్దిరి. నేడు కూచిపూడి యనగానే లోకమునకు తోచునది ఆడుబిడ్డ రూపము. అయితే మేలట్టూరు ఆ దారి పట్టలేదు. తమది కళాప్రదర్శనము కాదు, స్వామికి చేయు సేవ. సేవకు పెద్దలు పెట్టిన నియమములు మార్చరాదని వారి వాదము.

ఈ రెంటిలో ఏది మేలు? మేము రెండింటిని చూచినవారము కనుక తోచినది చెప్పుచున్నాము. కళాక్షేత్రపు పద్ధతి శాస్త్రిగారిని ఆ వీథినుండి లోకమునకు తెచ్చినది. ఆ పద్ధతి లేనిచో చెన్నపట్టణమునను, దేశాంతరములందును ఆయన పాట వినువారు లేకపోదురు. అయితే అక్కడ వరదరాజస్వామి ఎదురుగా లేడు. ఉపవాసమున్న నరసింహుడు లేడు. అర్ధరాత్రి నిద్రముంచుకొని వచ్చు పిల్లలను ఒడిలో వేసికొని జోకొట్టుచు, లీలావతి దుఃఖమును తన దుఃఖముగా చూచు తల్లుల వరుస లేదు. నాలుగు మూరల నేలను అరగంటలో దాటు తీరిక లేదు. వీథిలో మిగిలినది సభలో లేదు, సభలో దొరకినది వీథిలో లేదు. రెండును వేంకటరామశాస్త్రి సొత్తే. ఒకదానిని పట్టుకొని రెండవదానిని దూషించుట తగదు.

కాని మామిగారి మనుమరాలి ప్రశ్న మాత్రము మా మనస్సును విడువలేదు. సేవకు నియమము కలదనుట మేమును మన్నింతుము. కాని ఆ సేవలో స్త్రీ లేదా? వీథి యలికి ముగ్గుపెట్టినది స్త్రీ. వచ్చినవారికి అన్నము పెట్టినది స్త్రీ. గణపతి వేషమునకు మ్రొక్కుకొన్నది తల్లి. మరచిన మాట నందించినది ఇల్లాలు. నాటకమున ప్రేక్షకుల గుండె కరగించునది లీలావతియు, చంద్రమతియు. రంగము మీద నిలుచుట కామె పనికిరాదనుట పెద్దలు మరల ఆలోచింపవలసిన సంగతి. నియమమును ఒక్క దినమున త్రోసివేయుమని మేమనము. జయంతి రాత్రి ప్రహ్లాదచరిత్రమును పాత పద్ధతినే యుంచుకొని, తరువాతి రాత్రులలో నొకనాడు ఉషాపరిణయమును ఆ యూరి యాడుబిడ్డలచేత నాడింపగూడదా? తాతల నోట విన్న పలుకులు మనుమరాండ్ర నోటను నిలుచును. నేర్చుకొనువారు తక్కువగుచున్న కాలమున నేర్వగోరువారిని వాకిట నిలుపుట కళకును మేలు కాదు.

ఇక మనవంతు. ఆ యూరివారికి తెలుగు చెప్పువారు చేరువలో లేరు. మనకు తెలుగు ఇంట నున్నది, కాని ఆ పాటలు లేవు. ఈ రెంటిని కలుపుట యసాధ్యము కాదు. సంగీతము నేర్చిన సోదరీమణులు శాస్త్రిగారి దరువు లొకటి రెండు సంపాదించి, అర్థముతో నేర్చుకొని, నవరాత్రి పేరంటములలో పాడవచ్చును. తంజావూరు యాత్ర చేయువారు బృహదీశ్వరాలయమును, సరస్వతీమహలు గ్రంథాలయమును చూచి తిరిగి వచ్చుటే వాడుక. వైశాఖమున వెళ్లినచో మేలట్టూరునకు కూడ ఒక రాత్రి కేటాయింపవలెను. చెంబెడు నీరు, కప్పుకొనుటకొక దుప్పటి, కూర్చుండుట కొక చాప తీసికొనిపోయిన చాలును. సన్నిధి వీథిలో చోటు అందరికిని కలదు.

ఆట నడుమ విరామమున తెలుగువారమని తెలియగానే నటులు మా చుట్టును మూగి, తమ పలుకులో దోషములేమైన కలవాయని యడిగిరి. ఒకడు ఱకారమును, ఒకడు ళకారమును పలికి చూపెను. ముఖమున రంగు, తలపై కిరీటము, చేతిలో కాఫీలోటా. అక్షరము సరిగా వచ్చెనా యని మా మొగములవైపు చూచుచున్నారు. తెలుగునాట బడిపిల్లలకే ఆ ఱకారము నేడు కరవైనది. వారికి కావలసినది మెప్పుగాదు. ఏటికొకమారైనను వచ్చి, విని, అర్థము చెప్పి, తప్పు దిద్ది పోవు తెలుగువారు. అట్టి వారు మనలో పదిమంది యున్నను వేంకటరామశాస్త్రి నాటకములకు మరియొక తరము ఆయువు పెరుగును.